బరంపురం ఉక్కకు ఆగే వాచీ బెల్టు తోలు ఏది?

పర్లాకిమిడి చేతిపని:

నమస్కారమండీ. పర్లాకిమిడిలో చేతికుట్టు వాచీ బెల్టులు చేస్తున్నాను. అడిగేవాళ్ళు ఎక్కువగా బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు వాళ్ళు. వాచీలు ఒమేగా, లాంజిన్, సీకో లాంటివి, లగ్గుల (బెల్టు బిగించే వాచీ కొమ్ముల) మధ్య 20 మి.మీ. పాత హెచ్‌ఎంటీలు వస్తే చాలావరకు 18. బెల్టు కొలత 120/75, అంటే పొడవు ముక్క 120, బకిల్ వైపు పొట్టి ముక్క 75 మి.మీ., బకిల్ దగ్గర 16కి సన్నబడుతుంది.

ఇప్పుడు వాడుతున్నది: పైన 1.4 మి.మీ. వెజ్ ట్యాన్ (చెట్టు చెక్కతో పదును చేసిన) తోలు, లోపల కూడా అదే తోలు 1.0కి చెక్కి. బల్ల మీద చూస్తే చాలా బాగుంటుంది. ఎండాకాలంలో మూడు నెలలు కట్టాక తిరిగొచ్చిన వాటిలో నాలుగు లోపాలు కనిపిస్తున్నాయి. లోపలి వైపు నల్లబడి అట్టలా బిగుసుకుపోతోంది, వాసన వస్తోంది. లగ్గు దగ్గర మడతలో పగులు. అంచు రంగు పొరలుగా లేస్తోంది. ఇత్తడి బకిల్ చుట్టూ పచ్చ మరక.

పై తోలు మార్చాలా? క్రోమ్ ట్యాన్ (క్రోమియం ఉప్పుతో పదును చేసిన) దూడ తోలు, మేక తోలు, ఇటలీ నుంచి వచ్చే బుట్టెరో, అమెరికాలోని హార్వీన్ టానరీ వాళ్ళ షెల్ కార్డోవన్, ఇన్ని పేర్లు వినిపిస్తున్నాయి. ఖరీదైన వాచీకి వీటిలో ఏది సరైనది? ఇంకో మాట. ఒకాయన అసలు మొసలి తోలు, ఉడుము తోలు తెచ్చిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

రంపె ఆరె, బరంపురం:

బాబూ, మీరు చెప్పిన నాలుగింటిలో మూడు పై తోలు వల్ల వచ్చినవి కావు. మొదట లైనింగ్, అంటే లోపలి తోలు, మార్చండి. మన తీరంలో చెమట పట్టేది లోపలి తోలుకే. పై తోలును కన్ను ఎంచుకుంటుంది, లోపలి తోలును మణికట్టు ఎంచుకుంటుంది, బెల్టు ఆయుష్షు రెండోదాని చేతిలో ఉంది.

వెజ్ ట్యాన్ తోలు నీటిని స్పంజిలా పీల్చుకుంటుంది. చెమటలో ఉప్పు ఉంటుంది. రాత్రి నీరు ఆరిపోతుంది, ఉప్పు పోగుల మధ్య ఉండిపోతుంది, తోలులోని నూనె మెల్లగా బయటికి కొట్టుకుపోతుంది. నూనె పోయిన పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మీరు అంటున్న అట్ట అదే. నలుపుకు ఇంకో కారణం కూడా చూడండి: బెల్టును లగ్గులకు పట్టి ఉంచే పిన్ను నాసిరకం ఇనపది వాడితే అది తుప్పు పట్టి, ఆ ఇనుము చెట్టు చెక్కలోని టానిన్‌తో కలిసి సిరాలాంటి నలుపు అవుతుంది. పాత రోజుల్లో సిరా చేసింది కూడా ఇలాగే. పిన్ను స్టెయిన్‌లెస్‌దే వాడాలి.

లైనింగ్‌కు 0.8 నుంచి 1.0 మి.మీ. ఉండే, ఫినిష్ ఉన్న క్రోమ్ ట్యాన్ దూడ తోలు తీసుకోండి. నీరు పట్టకుండా లైనింగ్ కోసమే తయారుచేసిన తోలు దొరుకుతుంది, జర్మాట్ అనే పేరుతో అమ్మేది అలాంటిదే. అది దొరక్కపోతే సన్నని గ్రెయిన్ (తోలు పైముఖం మీది సహజమైన గీతలు) ఉన్న మేక తోలు. రంగు వేయనిది లేదా లేత రంగుది మంచిది. ముదురు రంగు లైనింగ్ తెల్ల చొక్కా కఫ్‌కు అంటుతుంది. కొనేముందు పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు: లీటరు నీళ్ళలో 5 గ్రాముల ఉప్పు కలిపి, తెల్ల నూలు గుడ్డ తడిపి తోలు మీద 20 సార్లు గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు కనిపించిందా, ఆ తోలు లైనింగ్‌కు పనికిరాదు.

ఇక లగ్గు దగ్గర పగులు. 1.4 మి.మీ. తోలును 1.8 మి.మీ. పిన్ను చుట్టూ తిప్పితే పైపొర విపరీతంగా సాగుతుంది. మడత పడే చోటు నుంచి చివరిదాకా 0.6కు చెక్కాలి, అదీ మెట్టులా కాదు, 10 మి.మీ. దూరంలో క్రమంగా దిగాలి. మెట్టు ఉన్నచోటే విరుగుతుంది. లెక్క ఇలా పెట్టుకోండి: పై తోలు 1.2, వెనక్కి తిరిగిన మడత 0.6, మధ్యలో నింపుడు తోలు 1.4, లైనింగ్ 0.8, మొత్తం 4.0 మి.మీ. అది లగ్గు దగ్గర. నింపుడు ముక్కను కొన వైపు సున్నాకి చెక్కేస్తే చివర 1.2, 0.8 కలిపి 2.0 మిగులుతుంది. బకిల్‌కు బదులు మడత క్లాస్ప్ పెట్టేవాళ్ళకు కొన ఇంతకంటే మందంగా ఉంటే క్లాస్ప్ సరిగ్గా మూసుకోదు. దాన్ని ముందే చేతిలో పెట్టుకుని కొలవండి.

తోలు ఎక్కడినుంచి కోస్తున్నారో కూడా చూసుకోండి. వెన్ను పక్కన, వెనక భాగంలో పోగు బిగువు. పొట్ట భాగం సాగుతుంది. పొట్ట తోలుతో చేసిన బెల్టు రంధ్రాలు నెలలోనే కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి. చిన్న ముక్కను గ్రెయిన్ లోపలికి వచ్చేలా వేలి మీద మడవండి. సన్నని, దగ్గర దగ్గర గీతలు పడితే మంచిది. పెద్ద పెద్ద బుడగ ముడతలు లేస్తే పైపొర వదులుగా ఉన్నట్టు, పక్కన పెట్టేయండి. బెల్టు పొడవు వెన్నెముక దారిలో ఉండాలి. అనుమానం ఉంటే రెండు వైపులా లాగి చూడండి, తక్కువ సాగే దారే పొడవు.

తంగేడు చెక్క, రాయగడ:

అన్నగారు లైనింగ్ సంగతి బాగా చెప్పారు. పై తోలుకు వస్తాను, ఎందుకంటే వెజ్ ట్యాన్‌ను మొత్తంగా వదిలేయడం నాకు ఒప్పుదల కాదు.

మన దేశంలో పేరున్న ఈఐ తోలు, అంటే ఈస్ట్ ఇండియా తోలు, వెజ్ ట్యానే. తమిళనాడు టానరీల్లో తంగేడు చెక్క, ఇప్పుడు ఎక్కువగా వాటిల్ చెక్క, చివర్లో కరక్కాయతో పదును పెడతారు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఈఐ మేక తోలు సన్నగా, బిగువుగా ఉంటుంది, పై తోలుకు చక్కగా సరిపోతుంది. వెజ్ ట్యాన్ అంచును నీళ్ళు, కొద్దిగా గమ్ము రాసి కర్రతో రుద్దితే గాజులా మెరుస్తుంది. క్రోమ్ తోలు అంచు ఎంత రుద్దినా అలా రాదు, పోగులు అతుక్కోవు, దానికి అంచు రంగు తప్పదు. కాబట్టి తోలు ఎంచుకున్నప్పుడే అంచు పని కూడా ఎంచుకున్నట్టే. పైన వెజ్, లోపల క్రోమ్ పెడితే అంచులో రెండు రకాల పోగులు పక్కపక్కన ఉంటాయి, అప్పుడు కూడా అంచు రంగే దారి.

కొనేది నిజంగా ఏ ట్యానో తెలుసుకోవడానికి అమ్మేవాడి మాట సరిపోదు. 1 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. పొడవు ముక్క కోసి మరిగే నీళ్ళలో ఒక నిమిషం ఉంచండి. వెజ్ ట్యాన్ ముడుచుకుని గట్టిపడిపోతుంది, ఎందుకంటే అది దాదాపు 70 నుంచి 85 డిగ్రీల మధ్యే కుంచించుకుంటుంది. బాగా పదునైన క్రోమ్ తోలు 100 డిగ్రీల దగ్గర కూడా నిలబడుతుంది. కోసిన అంచు మధ్యలో నీలం బూడిద రంగు గీత కనిపించినా క్రోమ్ అనే అర్థం. ఊరికే ‘జెన్యూయిన్ లెదర్’ అని ముద్ర ఉంటే నమ్మవద్దు. కింది పొర తోలు మీద ప్లాస్టిక్ పూత వేసినదానికీ ఆ ముద్రే వేస్తారు. అది మడతలో పొలుసులుగా రాలుతుంది.

మీరు అడిగిన పేర్లలో బుట్టెరో వెజ్ ట్యాన్, గట్టిగా ఉంటుంది, అంచు అద్భుతంగా వస్తుంది, నీటి చుక్క పడితే మచ్చ కనిపిస్తుంది. క్రోమ్ ట్యాన్ బాక్స్ కాఫ్ నున్నగా, సూటు మీదికి బాగుంటుంది, గోరు గీత పడుతుంది. ఎంబోస్ చేసిన (అచ్చు వేసిన) దూడ తోలు గీతలు పట్టదు, రోజూ కట్టేవాళ్ళకు అదే ఇస్తే మంచిది. షెల్ కార్డోవన్ గుర్రం వెనక భాగంలో చర్మం లోపల ఉండే బిగువైన పొర. హార్వీన్‌లో కనీసం ఆరు నెలలు పడుతుంది తయారీకి. ముడత పడదు, అలలా వంగుతుంది, దాని అందమే వేరు. కానీ తడిస్తే ఉబ్బెత్తు మచ్చలు లేస్తాయి. జూలై నుంచి అక్టోబరు దాకా గంజాం వానల్లో తిరిగే మనిషికి అది కట్టబెట్టకండి. చలికాలం కట్టుకోమని చెప్పి ఇవ్వండి.

నా లెక్కలో మీకు: పైన 1.1 లేదా 1.2 మి.మీ. మేక తోలు గానీ ఎంబోస్ దూడ తోలు గానీ, లోపల నీరు పట్టని క్రోమ్ దూడ తోలు. మేక సాగకుండా రెండింటి మధ్య 0.15 మి.మీ. నైలాన్ నాన్‌వోవెన్ (నేయని గుడ్డ) పట్టీ అతికించండి. రంధ్రాలు ఆకారం మారకుండా పట్టి ఉంచేది అదే.

పచ్చ మరక గురించి: ఇత్తడిలోని రాగి, తోలులోని కొవ్వుతో కలిస్తే ఆ పచ్చ జిగట వస్తుంది. నూనె ఎక్కువ పట్టిన వెజ్ ట్యాన్‌లో మరీ త్వరగా. 316ఎల్ స్టీలు బకిల్ వాడితే అది ఉండదు. పైగా మామూలు పూత బకిళ్ళలో నికెల్ వల్ల కొందరికి దురద, బొబ్బలు వస్తాయి.

సిరొంచ గడియారం, గడ్చిరోలి జిల్లా:

మొసలి, ఉడుము సంగతి ఎవరూ అందుకోలేదు కాబట్టి ముందు అదే చెప్తాను తమ్ముడూ. తీసుకోవద్దు. ఉడుము, మన నదుల మొసళ్ళు మూడు రకాలూ, కొండచిలువ 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. తోలు ముక్క దగ్గర ఉన్నా నేరమే, మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. విదేశం నుంచి వచ్చిన సరీసృపాల తోలు అంటాడేమో, వాటి దిగుమతిని 2017 జనవరిలో ఆపేశారు. కొన్నవాడి వాచీ ఎంత ఖరీదైనదైనా మీ బెల్టు వల్ల అతను కేసులో పడకూడదు. మొసలి అచ్చు వేసిన దూడ తోలు కావలసినంత దొరుకుతుంది. అచ్చును గుర్తించడం తేలికే: అసలు మొసలి తోలులో ఏ రెండు గళ్ళూ ఒకేలా ఉండవు. అచ్చులో కొంత దూరానికి అదే గడి మళ్ళీ వస్తుంది. కాబట్టి రెండు ముక్కలూ అచ్చులోని వేర్వేరు చోట్ల నుంచి కోయండి, చూపుకు బాగుంటుంది.

మా వైపు ఉక్క తక్కువ, ఎండ ఎక్కువ. చంద్రపూర్, సిరొంచ ఎండల్లో తోలుకు మీకు ఎదురు జబ్బు. మీ దగ్గర తడి చేరుతుంది, ఇక్కడ నూనె ఆరిపోతుంది. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన బెల్టు వెజ్ ట్యాన్ అయితే ముడుచుకుపోవచ్చు కూడా. ఇక్కడివాళ్ళకు కొంచెం నూనె ఎక్కువ ఉన్న పుల్లప్ తోలు నప్పుతుంది. మీకు అది వద్దు, మీ చెమటలో అది జిగటవుతుంది. ఒకే తోలు రెండు చోట్లకీ పంపకండి.

అలర్జీ ఉన్నవాళ్ళు అడిగితే క్రోమ్ గురించి ఒక మాట. తోలులో ఉండే మూడో స్థాయి క్రోమియం మామూలుగా ఇబ్బంది పెట్టదు. సరిగ్గా పదును చేయని తోలులో అది ఆరో స్థాయికి మారితే చర్మానికి మంచిది కాదు. ఐరోపాలో 2015 మే నుంచి చర్మానికి తగిలే తోలులో ఇది కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. పెద్ద టానరీలు ఐఎస్‌ఓ 17075 పరీక్ష కాగితం ఇస్తాయి, అడగండి. క్రోమ్‌కే పడని మనిషికి క్రోమ్ లేని లైనింగ్ పెట్టి, త్వరగా మార్చుకోవాలని ముందే చెప్పండి.

పర్లాకిమిడి చేతిపని:

అందరికీ ధన్యవాదాలండీ. లైనింగ్ మీద ఇంత ఆధారపడి ఉందని అనుకోలేదు. ఇంకో రెండు అడుగుతాను. ఒకటి, 20 మి.మీ. కచ్చితంగా కోసినా అంచు రంగు వేశాక లగ్గుల్లోకి బిగుతుగా వెళ్తోంది, రంగు అక్కడే గీరుకుపోతోంది. రెండు, కొత్త లైనింగ్ వేసి అతికిస్తే చేతికి కట్టినప్పుడు లోపల ముడతలు పడుతున్నాయి. ఇవి కాక, బెల్టులతో పాటు వాచీ రోల్ (వాచీలు పెట్టి చుట్టి దాచుకునే తోలు సంచి) కూడా అడుగుతున్నారు. దాని లోపలికి ఏ తోలు వేయాలి?

ఛత్రపురం కుట్టు:

రెండింటికీ మూలం కొలతలోనే ఉందండీ.

అంచు రంగు మూడు నాలుగు పూతలు వేస్తే ఒక్కో వైపు 0.15 నుంచి 0.2 మి.మీ. పెరుగుతుంది. అందుకే 20కి 19.6 కోయాలి, 18కి 17.6. పొరలుగా లేవడం వేరే కారణం. కోసిన అంచు మీద జిగురు మిగిలితే రంగు జిగురును పట్టుకుంటుంది, తోలును కాదు. కుట్టు అయ్యాక 400 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 600తో అంచు గీరండి. మొదటి పూత నీళ్ళలా పలుచగా, తోలులోకి ఇంకేలా. అది పూర్తిగా ఆరాక 600తో మళ్ళీ తేలికగా రుద్ది తర్వాతి పూత. మన దగ్గర ఆగస్టులో ఒక్కో పూత ఆరడానికి డబ్బా మీద రాసినదానికి రెట్టింపు సమయం ఇవ్వాలి. తొందరపడ్డ రోజే పొర లేస్తుంది. ముందే మైనం రుద్దిన అంచు మీద రంగు నిలవదు, అది కూడా గుర్తుంచుకోండి.

లైనింగ్ ముడతలు బల్లపరుపుగా అతికించడం వల్ల. మణికట్టు చుట్టుకొలత 17 సెం.మీ. అనుకుంటే అడ్డకొలత 5.4 సెం.మీ. అలా వంగిన బెల్టులో లోపలి పొర బయటి పొరకంటే పొట్టిగా ఉండాలి. 120 మి.మీ. ముక్కలో 3, 4 మి.మీ. తేడా వస్తుంది. ఆ మిగులే ముడత. 55, 60 మి.మీ. అడ్డకొలత ఉన్న పైపు ముక్క మీద పై తోలు వంచి, లైనింగ్‌ను లగ్గు వైపు నుంచి మొదలుపెట్టి కొనదాకా నొక్కుతూ అతికించండి. మిగిలినది కొన దగ్గర కోసేయండి. కాంటాక్ట్ జిగురు రెండు వైపులా పలుచగా రాసి వేలికి అంటనంత ఆరాకే, 10 నుంచి 15 నిమిషాలు, కలపాలి. తడిగా కలిపితే లోపల గాలి బంధమై చెమటకు బుడగ లేస్తుంది. పిన్ను దూరే గొట్టంలోకి మాత్రం జిగురు పోకూడదు. 1.8 మి.మీ. తీగ అందులో పెట్టే అతికించి ఆరాక లాగేయండి.

దారం కూడా మార్చండి. నార దారం చెమటకు కుళ్ళుతుంది, 0.45 నుంచి 0.55 పాలిస్టర్ వాడండి. 3 మి.మీ. దూరంలో కుట్టు, అంచు నుంచి 2 మి.మీ. లోపల. పొడవు ముక్కకు కుట్టు 25 సెం.మీ. ఉంటుంది, రెండు సూదుల కుట్టుకు దానికి నాలుగింతలు, పట్టుకోవడానికి ఇంకో పాతిక, మొత్తం 125 సెం.మీ.

తోలు ఎంత తెప్పించాలో లెక్క: పై తోలుకు మడతలతో కలిపి పొడవు ముక్క 150 × 26, పొట్టి ముక్క 105 × 26 మి.మీ. రెండూ కలిపి 66 చదరపు సెం.మీ. చదరపు అడుగుకు 929. కాగితం మీద 14 బెల్టులు, మచ్చలు, పొట్ట భాగం, పోగు దారి తీసేస్తే చేతికి ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. ధర కట్టేటప్పుడు ఎనిమిది అనే పెట్టుకోండి.

వాచీ రోల్‌కు చెమట బాధ లేదు, గీత పడకపోవడమే ముఖ్యం. బయట 1.4, 1.6 మి.మీ. వెజ్ ట్యాన్ నిశ్చింతగా వేయండి, మీకు ఇష్టమైన మెరిసే అంచు ఇక్కడ తీర్చుకోవచ్చు. లోపల రంగు దిగని మేక స్వేడ్ (నూగు ఉన్న మెత్తని తోలు). ఉప్పునీళ్ళ గుడ్డ పరీక్ష దానికి తప్పక చేయండి, తెల్ల డయలు పక్కన రంగు దిగే స్వేడ్ పెట్టకూడదు. వాచీల మధ్య అడ్డు మడత లేకపోతే ఒకదాని బకిల్ ఇంకోదాని గాజును గీస్తుంది.

నిల్వ గురించి కూడా చెప్పాలి. తీరంలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన తోలుకు బూజు ఖాయం. నూలు గుడ్డలో చుట్టి, గాలి ఆడే చోట, డబ్బాలో పెడితే సిలికా జెల్ వేసి, నెలకోసారి దాన్ని వేడిచేసి ఆరబెట్టండి. తోలు మీద తెల్లగా కనిపించేదంతా బూజు కాదు. హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చబెట్టండి. కరిగి లోపలికి ఇంకిపోతే అది తోలులోని కొవ్వే, గుడ్డతో తుడిస్తే చాలు. అలాగే ఉండిపోతే బూజు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు సగం సగం కలిపి, ముందు కనిపించని మూల రంగు పోతుందేమో చూసి, తుడిచి నీడలో ఆరబెట్టండి.

రంపె ఆరె, బరంపురం:

ఛత్రపురం వాళ్ళు చెప్పిన పైపు పద్ధతికి ఒకటి కలుపుతాను. పొట్టి ముక్కను, అంటే బకిల్ వైపుది, అంత వంచక్కర్లేదు. లగ్గు దగ్గర కొద్దిగా వంపు చాలు. ఎక్కువ వంచి అతికిస్తే బకిల్ మణికట్టు కింద కాకుండా పక్కకు జరుగుతుంది.

మొదటి జత చేశాక కొనేవాళ్ళకు పంపకుండా మీరే కట్టి, రోజూ సాయంత్రం విప్పి లైనింగ్ తడి గుడ్డతో తుడిచి గాలికి వేలాడదీయండి. నెల తర్వాత మూడు చోట్ల చూడండి: లగ్గు మడత, వాడిన రంధ్రం, పిన్ను గొట్టం అంచు. పగులు, సాగు, రంగు లేవడం ఈ మూడింటిలో ఎక్కడ మొదలైందో రాసి ఇక్కడ పెట్టండి, ఏ కొలత మార్చాలో అప్పుడు చెప్పొచ్చు.